పాట పేరు, చివరి అక్షరం

జపానులో ఉద్యోగానికి వచ్చిన తెలుగువాడికి చెప్పులు విప్పి గదిలోకి వెళ్ళడం మొదటిరోజే అలవాటవుతుంది. ఎందుకంటే అది మన ఇంట్లోనూ ఉన్నదే. భూకంపాలు ఏడాదికి అలవాటవుతాయి. నాకు ఎంతకాలానికీ అలవాటు కానిది ఆఫీసు విందు తర్వాతి రెండో విడత. దాన్ని 'నిజికై' అంటారు. భోజనాలయ్యాక ఇంటికి పోదామని కోటు తొడుక్కుంటూ ఉండగా ఎవరో "ఇంకోచోటికి పోదాం" అంటారు. ఆ ఇంకోచోటు చాలాసార్లు కరావోకే గదే అయి ఉంటుంది.

నేను 1998లో ఇక్కడికి వచ్చాను. మొదటి ఆరేళ్ళు ఆ గదుల్లో నా పాత్ర చప్పట్లు కొట్టడం. ఒక్కోసారి దయతలచి ఇంగ్లీషు పాట పెట్టి మైకు నా చేతికిచ్చేవారు. నాకు ఇంగ్లీషు పాటలు వాళ్ళకు తెలిసినన్ని కూడా తెలియవు. ఘంటసాల పాట ఆ యంత్రంలో లేదు. చివరికి ఆ గదిలో నా నోరు తెరిపించింది సంగీతజ్ఞానం కాదు, అంత్యాక్షరి. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ యంత్రం గురించి నాలుగు మాటలు. 'కర' అంటే ఖాళీ, 'ఒకె' అంటే ఆర్కెస్ట్రాకు జపనీయులు చేసుకున్న పొట్టిపేరు. రెండూ కలిస్తే గాయకుడు లేని వాద్యగోష్ఠి. 1967లో టోక్యోలో నెగిషి షిగెయిచి అనే ఆయన ఇలాంటి పెట్టె ఒకటి తయారుచేశారు. 1971లో కోబెలో బార్లలో వాద్యం వాయించుకునే ఇనోఉయె దైసుకె, తన ప్రమేయం లేకుండానే ఖాతాదార్లు పాడుకునేలా టేపులతో నడిచే పెట్టెలు చేసి అద్దెకిచ్చారు. ఆయన పేటెంటు తీసుకోలేదు. 2004లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఒకరి గొంతును ఒకరు ఓర్చుకోవడం ప్రపంచానికి నేర్పినందుకు అన్నమాట. 1980ల నడుమ ఒకయామ ప్రాంతంలో సరుకు రవాణా డబ్బాలనే గదులుగా మార్చి పాడుకునే చోట్లు పెట్టారు. అప్పటినుంచి అపరిచితుల ముందు పాడే బాధ తప్పి, మనవాళ్ళ ముందే పాడే బాధ మొదలైంది. 1992లో టెలిఫోను తీగల మీద పాటలు పంపడం వచ్చింది. దాంతో పాటల సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోయింది.

నేను వచ్చిననాటికి ప్రతి గదిలోనూ బల్లమీద ఒక లావుపాటి పుస్తకం ఉండేది, పాత టెలిఫోను డైరెక్టరీ అంత. అందులో పాట పేరు, పక్కన ఒక నంబరు. ఆ నంబరు రిమోటుమీద నొక్కితే పాట మొదలవుతుంది. పాటకు సిగ్గుపడి, చేతులకు పని కల్పించుకోవడానికి నేను ఆ పుస్తకం తిరగేస్తూ కూర్చునేవాణ్ణి. అప్పుడు ఒక విషయం కనబడింది. పాటల పేర్లు అ, ఇ, ఉ, ఎ, ఒ అనే వరుసలో ఉన్నాయి. ఆ తర్వాత క వరుస, స వరుస, త, న, హ, మ, య, ర, వ. కాస్త ఆగి చూడండి. క-చ-త-ప-య-ర-వ అని మనం పలకమీద దిద్దిన వరుసే అది. చ ఉండాల్సినచోట స ఉంది, ప ఉండాల్సినచోట హ ఉంది. ఆ హ ఒకప్పుడు ప గానే పలికేదని పండితులు చెబుతారు. బౌద్ధంతో పాటు సంస్కృత వర్ణమాలను చదువుకున్న జపాను భిక్షువుల వల్ల ఈ వరుస ఏర్పడిందని కూడా చెబుతారు. కంజి లిపిలో ఒక్క ముక్క చదవలేని నేను, ఆ పుస్తకంలో పాట ఎక్కడుంటుందో మాత్రం పక్కవాళ్ళకంటే తొందరగా పట్టుకునేవాణ్ణి.

ఇక ఆట. పిల్లల ఆట ఒకటుంది, పేరు 'షిరితోరి'. షిరి అంటే వెనకభాగం, తోరి అంటే పట్టుకోవడం. మర్యాదగా చెప్పాలంటే తోక పట్టుకునే ఆట. ఒకరు ఒక మాట అంటారు. దాని చివరి అక్షరంతో మొదలయ్యే మాట ఇంకొకరు చెప్పాలి. ఇక్కడి పిల్లలందరికీ వచ్చిన వరుస ఇది: షిరితొరి, రింగొ, గొరిర, రప్ప. ఆట పేరుతోనే ఆట మొదలై, ఆపిలుపండు, గొరిల్లా, బాకా వరసగా వస్తాయి. ఒక మాట తోకను ఇంకో మాట తల పట్టుకోవడం మన పద్యాల్లో ముక్తపదగ్రస్తమని పేరుపెట్టుకున్న పనే. మనం పదాన్ని పట్టుకుంటాం, వీళ్ళు అక్షరాన్ని పట్టుకుంటారు.

ఈ ఆటను పాటలకు తగిలిస్తే పాటల షిరితోరి. మన అంత్యాక్షరికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మనం పాడి ఆపిన చరణంలోని చివరి అక్షరాన్ని అందిస్తాం. కనుక ఎక్కడ ఆపాలో మన చేతిలోనే ఉంటుంది. కావాలంటే 'ళ' దగ్గర ఆపి ఎదుటివాణ్ణి ఏడిపించవచ్చు. ఇక్కడ లెక్క పాట పేరుకే. పాట ఎంచుకున్న క్షణానే తర్వాతివాడి తలరాత రాసేసినట్టు. పుస్తకం మొదటి అక్షరాన్ని బట్టే పేర్లను చూపిస్తుంది. చివరి అక్షరం సంగతి మనమే చూసుకోవాలి.

నియమాలు చూడడానికి సులువు, ఆడితే చిక్కు. అన్నిటికంటే పెద్దది 'న్' నియమం. జపాను మాటలన్నీ మన తెలుగు మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి, లేదా 'న్' అనే ఒక్క హల్లుతో ముగుస్తాయి. మన సున్నా లాంటిదే ఆ 'న్'. దానికి విడిగా ఒక అక్షరం ఉంది, కానీ దానితో మొదలయ్యే మాట లేదు. కాబట్టి 'న్'తో ముగిసే పేరు చెప్పినవాడు ఓడిపోయినట్టే. ఇందులో ఉన్న తమాషా చూడండి. జపానులో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన పాట రికార్డు 1975 డిసెంబరులో వచ్చిన 'ఒయొగె! తైయకి-కున్'. చేప ఆకారంలో కాల్చే తియ్యటి రొట్టె సముద్రంలోకి పారిపోయిన కథ. నలభైఅయిదు లక్షలకు పైగా అమ్ముడైంది. ఈ ఆటలో మాత్రం అది పనికిరాదు, చివర 'కున్' ఉంది. యొనెజు కెన్షి 2018లో పాడిన 'లెమన్' కూడా అంతే. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా జపానువాళ్ళ నోట అది 'రెమొన్'. దేశమంతా పాడుకున్న పాట, ఆటలో మాత్రం అంటరానిది.

రెండో చిక్కు దీర్ఘం. జపాను రాతలో 'కో' అనే దీర్ఘం కొ-ఉ అని రెండక్షరాలుగా ఉంటుంది. ఛందస్సు చదువుకున్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ లెక్క మాత్రలతో. 'టోక్యో' అంటే తొ-ఉ-క్యొ-ఉ, నాలుగు మాత్రలు. 'నిప్పొన్' అన్నా నాలుగే: ని-ప్-పొ-న్. కనుక 'కో'తో ముగిసిందని మన చెవికి వినబడే పేరు నిజానికి 'ఉ'తో ముగిసినట్టు. ఇంగ్లీషునుంచి వచ్చిన పేర్లలో దీర్ఘాన్ని ఒక అడ్డగీతతో రాస్తారు. 1979 నాటి 'ఇతొషి నొ ఎరీ' పాటకు తోక 'రి' అనాలా 'ఇ' అనాలా అన్నది ఆట మొదలుపెట్టేముందే తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే తగాదా ఖాయం. 'గ' వస్తే 'క'తో మొదలుపెట్టవచ్చా, 'జె'కు 'సె' చెల్లుతుందా అన్నది మూడో చిక్కు. చాలామంది చెల్లుతుందంటారు, మన అంత్యాక్షరిలో ఒత్తులు వదిలేసినట్టు.

నాలుగో చిక్కు పేరు చదవడం. కంజి లిపిలో ఒక గుర్తుకు రెండుమూడు పలుకుబడులు ఉంటాయి. పాటలు రాసేవాళ్ళు ఇంకా స్వేచ్ఛ తీసుకుంటారు. విశ్వం అనే మాట రాసి 'ఆకాశం' అని పాడిస్తారు. 'నద సోసో' అనే పాట పేరులో కన్నీటి గుర్తు ఉంది. మామూలుగా దాన్ని 'నమిద' అని చదవాలి. ఆ పాటలో మాత్రం ఒకినవా మాండలికంలో 'నద'. అందువల్ల ఆటలో ఎప్పుడూ రాతను చూడరు, పలుకునే చూస్తారు. నాకు అదే మేలైంది. నేను పాటల పేర్లు తెలుగులో రాసుకోవచ్చు. హిందీ లిపిలో అయితే హ్రస్వమైన ఎ, ఒ లకు తంటాలు పడాలి. మనకు రెండూ ఉన్నాయి. 'మొమెన్' అని రాస్తే మొమెన్ అనే చదువుతాం.

కష్టమైన అక్షరాలు ఏవంటే ర వరుస. అచ్చమైన పాత జపాను మాటల్లో 'ర'తో మొదలయ్యేవి లేవు. ఉన్నవన్నీ చైనానుంచి, ఆ తర్వాత పశ్చిమదేశాలనుంచి వచ్చినవే. కానీ 'రు'తో ముగిసే మాటలు కోకొల్లలు, క్రియలు చాలావాటికి తోక అదే. అంటే ఇచ్చేవాళ్ళు ఎక్కువ, పుచ్చుకునే దారులు తక్కువ. షిరితోరిలో ఆరితేరిన పిల్లలు పదేపదే 'రు' ఇచ్చి చంపుతారు. పాటల ఆటలో 'రు'కు నమ్మకమైన మందు 1981లో తెరావొ అకిర పాడిన 'రుబీ నొ యుబివ', కెంపుటుంగరం. 'ర' వస్తే ఒద కజుమస 1991లో పాడిన 'రబు స్తోరీ వ తొత్సుజెన్ ని' ఉంది. ఈ రెండూ కంఠస్థం చేసినవాడు మొదటి గంట గట్టెక్కుతాడు.

నేను చేసిన పని చెబుతాను, ఎవరికైనా పనికిరావచ్చు. ఒక నోటుపుస్తకంలో అక్షరానికొక గీత గీసుకున్నాను. ప్రతి అక్షరం కింద దానితో మొదలయ్యే పాట ఒక్కటి, దాని పక్కన తోక. ఒక్కటి చాలు. నలభై పాటలు నేర్చుకోవడం నావల్ల అయ్యేపని కాదు. కానీ ఏడెనిమిది పాటల మొదటి చరణాలు వస్తే, మిగతా అక్షరాలకు కనీసం పేరు చెప్పి ఇంకొకరిని పాడమని బతిమాలుకోవచ్చు. శ్రుతి మనకు తగినట్టు తగ్గించుకునే బొత్తాం యంత్రానికే ఉంది. ఇక తప్పకుండా పాటించాల్సిన మర్యాద ఒకటి. ప్రతివారికీ తన సొంతమని పేరుబడ్డ పాట ఉంటుంది. దాన్ని 'జూహచిబన్' అంటారు, అంటే 'పద్దెనిమిదో నంబరు'. కబుకి నాటకాల్లో ఇచికవ వంశంవారి పద్దెనిమిది నాటకాలనుంచి వచ్చిన మాట అంటారు. పెద్దవారి పద్దెనిమిదో నంబరు, అక్షరం ఎంత కుదిరినా, మనం ముట్టకూడదు.

2004 డిసెంబరులో మా విభాగం సంవత్సరాంతపు విందు. రెండో విడతలో ఎవరో పాటల షిరితోరి అన్నారు. గుండ్రంగా కూర్చున్నాం. తప్పించుకోవడానికి దారి లేదు. మా సెక్షన్ అధికారి, రిటైరు కావడానికి రెండేళ్ళున్న పెద్దమనిషి, తన పద్దెనిమిదో నంబరుతో మొదలుపెట్టారు: 'సుబరు'. సుబరు అంటే మన కృత్తికలే. తనిమురా షింజి 1980 నాటి పాట. తోక 'రు'. ఆయన పక్కాయన నవ్వుతూ 'రుబీ నొ యుబివ' అందుకున్నాడు. తోక 'వ'. ఎకౌంట్సులో పనిచేసే ఆవిడ 'వతషి గ ఒబసన్ ని నత్తె మొ' పాడింది. 1992 నాటిది, నేను ఆంటీనైపోయినా అని అర్థం. అందరూ గొల్లుమన్నారు. తోక 'మొ'. నా పక్కన కూర్చున్నతను 'మొమెన్ నొ హంకచీఫు' అన్నాడు, 1975 నాటి పాట, నూలు చేతిరుమాలు. పట్నం పోయిన కుర్రవాడికీ ఊళ్ళో ఉండిపోయిన అమ్మాయికీ నడుమ జాబులు.

హాండ్‌కర్చీఫ్‌కు మనం కూడా చివర ఒక ఉకారం తగిలిస్తాం, కారు, బస్సు, లైటు అన్నట్టు. వీళ్ళూ అంతే. ఆ తగిలించిన ఉకారంతో నా ఒళ్ళో వచ్చి పడ్డ అక్షరం 'ఫు'.

నా నోటుపుస్తకం ఇంట్లో ఉంది. 'ఫు' కింద ఏం రాసుకున్నానో గుర్తు రాలేదు. అందరూ నావైపు చూస్తున్నారు. అప్పుడు మా అమ్మాయి గొంతు గుర్తొచ్చింది. తను అప్పుడు ఆరో తరగతి. ఆ తరగతిలో పిల్లలందరికీ నేర్పే పాట 'ఫురుసతొ', అంటే సొంతవూరు. 1914 నాటి బడిపాట. తకనొ తత్సుయుకి రాసింది, ఒకనొ తెయిచి బాణీ. ఇంట్లో అది రోజూ వింటున్నాను. ఆ పేరు చెప్పాను. గదిలో ఒక్కక్షణం ఎవరూ మాట్లాడలేదు. విందుల్లో పాడే పాట కాదది.

పాడాను. చిన్ననాటి కొండలు, వాగులు, వదిలివచ్చిన అమ్మానాన్నలు ఉండే పాట. మాట తడబడినచోట అధికారిగారు గొంతు కలిపారు. తర్వాత అందరూ కలిపారు. కరావోకేలో ఎలా పాడినా "బాగా పాడావు" అనడం ఆచారం. ఆరోజు అనడం మరిచిపోయారు. అధికారిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మీ ఊళ్ళో కొండ ఉందా?" అని అడిగారు. ఆరేళ్ళలో ఆయన నా ఊరి గురించి అడగడం అదే మొదలు. మా ఊళ్ళో కొండ లేదు, కాలువ ఉంది. ఆ మాటే చెప్పాను.

కానీ నేను చెప్పాలనుకున్నది దాని తర్వాతి సంగతి. ఫురుసతొ తోక 'తొ'. నా పక్కన కూర్చున్న అమ్మాయి షాంఘైనుంచి కొత్తగా వచ్చింది. ఆ సాయంత్రమంతా నాలాగే చప్పట్లు కొడుతోంది. నేను పాడుతున్నంతసేపూ ఆమె పుస్తకం తిరగేస్తూనే ఉంది. 'తొ' వినగానే ఆమె మొహం వెలిగింది. తెరెసా తెంగ్ 1986లో జపానుభాషలో పాడిన 'తొకి నొ నగరె ని మి ఒ మకసె' అనే పాట ఉంది, కాలప్రవాహానికి ఒదిగిపోయి అని అర్థం. తైవానునుంచి వచ్చిన ఆ గాయని అదే బాణీని చైనాభాషలోనూ పాడింది. చైనావాళ్ళు దాన్ని తమ పాటగానే ఎరుగుదురు. ఆ అమ్మాయి తెరమీద జపాను అక్షరాలు పరుగెడుతుంటే చైనామాటల్లో పాడేసింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, పేరు కుదిరింది కదా.

ఆమె ఇచ్చిన 'సె'కు ఒక కుర్రాడు 'సెకై ని హితొత్సు దకె నొ హన' పాడాడు, లోకంలో ఒక్కటే అయిన పువ్వు, 2003లో సింగిల్‌గా వచ్చి ఊరూవాడా మోగిన పాట. 'న'కు 'నద సోసో'. దాని తోక 'ఉ'. చివరికి 'ఉయె ఒ ముయితె అరుకో', పైకి చూస్తూ నడుద్దాం అని. 1961లో సకమొతొ క్యూ పాడినది. అమెరికాలో దానికి ఎద్దుమాంసం కూర పేరు, 'సుకియాకి' అని పెట్టారు. కూరకూ పాటకూ ఏ సంబంధమూ లేదు. ఆ పేరుతోనే 1963లో అక్కడి బిల్‌బోర్డు పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆటగాళ్ళకు ఆ పాటలో ఇంకో గుణం ఉంది. 'ఉ'తో మొదలై 'ఉ'తోనే ముగుస్తుంది. పుచ్చుకున్న అక్షరాన్నే తిరిగి చేతిలో పెడుతుంది. దానికి జవాబుగా 'ఉచూ సెంకన్ యమతొ' పాడితే, 1974 నాటి బొమ్మల ధారావాహిక పాట, గొలుసు మళ్ళీ 'తొ' దగ్గరికి వస్తుంది.

ఆ రాత్రి ఇంటికి పోతూ రైల్లో అనుకున్నాను. 'ఫు'కు నాకు ఇంకో పాట తట్టి, దాని చివర 'రు' ఉండి ఉంటే? ఆ అమ్మాయి ఇంకో ఏడాది చప్పట్లు కొడుతూ ఉండేది. నేను చేసింది కావాలని చేసింది కాదు, అదృష్టం. కానీ ఆ తర్వాత ఎప్పుడు ఆడినా కావాలనే చేస్తున్నాను. పాట ఎంచుకునేటప్పుడు నా గొంతుకు సరిపోతుందా అని ఒకసారి చూసుకుంటాను. నా పక్కన ఎవరు కూర్చున్నారు, వాళ్ళకు ఈ తోక అందుతుందా అని రెండోసారి చూసుకుంటాను. ఇక్కడి పెద్దవాళ్ళు ఈ పని నోటితో చెప్పకుండా ఎప్పటినుంచో చేస్తున్నారని అప్పుడు తెలిసింది. కొత్తగా చేరిన కుర్రాడి ముందు 'రు' పెట్టరు. వాడికి తెలిసే పాటల్లో మొదలయ్యే అక్షరం పెడతారు. మొదట్లో నాకూ పెట్టే ఉంటారు, నాకే తెలియలేదు.

ఇప్పుడు ఆ లావు పుస్తకాలు దాదాపు కనబడవు, పలకల్లాంటి తెరలు వచ్చాయి. మొదటి అక్షరం వేలితో తాకితే పేర్లు దొర్లుకుంటూ వస్తాయి. నేనూ రిటైరయ్యాను. మా అమ్మాయికి ఐదేళ్ళ కొడుకు. ఆ మధ్య ముగ్గురం కరావోకేకి వెళితే మా అమ్మాయి 2019 నాటి 'యొరు ని కకెరు' పాడి 'రు' తోక నామీద విసిరింది. "నాన్నా, ఇప్పుడేం చేస్తారో చూస్తాను" అంది. నలభైఏళ్ళనాటి కెంపుటుంగరం తీసి చూపించాను.

మనవడితో రైల్లో ఆడేది మాత్రం మాటల షిరితోరి. వాడికి జపాను మాటలు వేలు, తెలుగు మాటలు గుప్పెడు. ఒకరోజు "తెలుగులో ఆడదామా?" అన్నాను. నేను "ఆకాశం" అన్నాను. వాడు సీటుమీద ఎగిరి, "తాతయ్యా, న్ వచ్చేసింది! ఓడిపోయావ్!" అని అరిచాడు.

నిజమే, వాళ్ళ లెక్కన ఓడిపోయాను. కానీ సున్నాకు ఓటమి అనే నియమం తెలుగులో పెడితే ఆట మొదటి మాటకే ఆగిపోతుంది. అన్నం, పుస్తకం, సముద్రం, శంకరాభరణం, మన సగం మాటలు సున్నాతోనే ముగుస్తాయి. పాతరోజుల్లో అవన్నీ 'ము'తో ముగిసిన మాటలే కదా, ఆకాశము, పుస్తకము అని. కనుక మా ఇంటి నియమం చెప్పాను. తెలుగులో సున్నా వస్తే ఆట అయిపోదు, అక్కడ 'మ' తలుపు తెరుచుకుంటుంది.

వాడు కాసేపు కిటికీలోంచి చూశాడు. "మబ్బు" అన్నాడు.

"బుడగ" అన్నాను.

"గ... గ..." అని వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. 'గడప' అని నేను చెప్పబోయి ఆగాను. మా ఇంటి గడప వాడు రోజూ దాటుతాడు. స్టేషను రావడానికి ఇంకా చాలా టైముంది.